తెల్ల చొక్కా పరీక్ష

బందరులో మేము పడవ ఇంజన్లు డిజైన్ చేసే రోజుల్లో, మా చీఫ్ గారు పరీక్ష ఉన్న రోజున తెల్ల చొక్కా వేసుకొచ్చి పొగగొట్టం వెనకాలే నిలబడేవారు. కాలుష్య నిబంధనల ప్రకారం మీటర్లు పాస్ చేసినా, చొక్కా మాసిందంటే డిజైన్ మళ్లీ మొదటికే. వేగం తగ్గకుండా పొగ తగ్గించడానికి ఇంజెక్టర్లు మార్చాం, టర్బో మార్చాం. చివరికి చొక్కా మల్లెపువ్వులా మిగిలింది.

కొనడానికొచ్చిన బోటు యజమాని మాత్రం పెదవి విరిచాడు.

"పొగే లేకపోతే ఇంజనుకి దమ్ముందని ఎలా తెలుస్తుందండీ?"

ఆయన వద్దంటే రేవులో ఇంకెవరూ కొనరు.

చీఫ్ గారు వాదించలేదు. "మా కొత్త ఇంజనున్న బోటు మీరు నడపండి. అంతే సైజున్న మీ పాత బోటులో నేనొస్తా. వంతెన దాకా పందెం" అన్నారు.

యజమానీ నేనూ ముందే చేరి ఎదురుచూశాం. మొదట పొగ వచ్చింది, తర్వాత బోటు. అందులో బొగ్గులాంటి చొక్కాతో చీఫ్ గారు. ఆయన్ని అంత నల్లగా, అంత సంతోషంగా నేను చూడటం అదే మొదటిసారి.

యజమాని తల గోక్కున్నాడు. "ఆ చొక్కా ఇలా ఇవ్వండి, ఉతికిస్తాను."

"మీరు ఇంజను మార్చండి చాలు. చొక్కా నేను ఉతుక్కుంటాను."