రాజేశం మామ చివరిసారి అడిగిన నంబర్

నిన్న పొద్దున పుణెలో ఆఫీసుకు బయల్దేరుతుంటే సోలాపూర్ నుంచి అత్త ఫోన్.

"బిడ్డా... మీ మామ పోయిండు. సెట్టు ముంగట్నే కూలిపోయిండు."

రాజేశం మామ. మా అమ్మ తమ్ముడు. అక్కడి నీలం నగర్‌లో భజనకైనా పెళ్లికైనా సౌండ్ సెట్ పెట్టే మనిషి. అరవై కూడా నిండలేదు.

హార్ట్ అటాక్ అని డాక్టర్ చెప్పాడట. అది నా చెవికెక్కలేదు. "సెట్టు ముంగట్నే" అన్న మాట దగ్గరే ఆగిపోయాను.

ఎందుకు ఆగిపోయానో అమ్మకు కూడా చెప్పలేదు. ఇక్కడ చెప్పేస్తున్నాను.

మూడు రోజుల కింద మామ వాట్సాప్‌లో ఒక ఫోటో పంపి ఫోన్ చేశాడు. భజన మండలి వాళ్లు రెండు పాత స్పీకర్ బాక్సులు ఇచ్చారట. వెనక లేబుల్ అరిగిపోయింది, ఆయన కళ్లకు ఆనడం లేదు.

"ఎనిమిది ఓమ్సా, నాలుగా? జర మంచిగ చూసి చెప్పు బిడ్డా. తప్పయితే మషీను మీదికొస్తది."

నేను మీటింగ్‌లో ఉన్నాను. పైపైన చూసి "ఎనిమిదే మామా" అనేశాను.

తెలియని వాళ్ల కోసం చెబుతున్నా. మామది ఆంప్లిఫయర్ లోపలే ఉండే మిక్సర్. ఒక్కో వైపు లోడ్ నాలుగు ఓమ్స్ కంటే తగ్గితే తట్టుకోలేదు. ఆయన సొంత బాక్సులు ఎనిమిది ఓమ్స్‌వి, వైపుకొకటి. దానికి ఇంకో ఎనిమిది కలిపితే సరిగ్గా నాలుగు అవుతుంది. కానీ నాలుగుది కలిపితే మూడు కూడా ఉండదు. మిక్సర్ వేడెక్కి ఆగిపోతుంది. టైమ్ బాగాలేకపోతే మాడిపోతుంది.

మామ చాలా ఏళ్లు పవర్‌లూమ్‌ల మీద టవళ్లు నేశాడు. ఆ చప్పుడుకు చెవులు సగం పోయాయి. సౌండ్ పగిలినా ఆయనకు తెలిసేది కాదు. అందుకే చెవిని కాకుండా నంబర్‌ని నమ్మేవాడు.

మా పేటంతా మగ్గాల వాళ్లే, వినేవాళ్లవీ అవే చెవులు కదా, ఎంత పెట్టినా చాలదు. ఒక బతుకమ్మకు "ఆవాజ్ పెంచు, ఇంకో బాక్సు తగిలియ్యి" అని అందరూ మీద పడ్డారు. ఎక్కడినుంచో ఒక బాక్సు మోసుకొచ్చి వైరు కూడా పట్టుకున్నారు. మామ మిక్సర్‌కు అడ్డంగా నిలబడ్డాడు.

"థాంబా, ఆగుండ్రి! ఇనపడకుంటే దగ్గరికొచ్చి ఆడుండ్రి. నా మషీను గొంతు పిసుకుతరా ఏంది?"

ఆడవాళ్లంతా పడీపడీ నవ్వి, నిజంగానే బాక్సుల దగ్గరికి జరిగి ఆడారు.

అంత జాగ్రత్త మనిషి నా మాట నమ్మి వైరు కలిపి ఉంటే?

సోలాపూర్ బస్సులో ఆ ఫోటో జూమ్ చేశాను. బ్రైట్‌నెస్ పెంచాను.

నాలుగు.

టెంభుర్ణి దాటేలోపు పదిసార్లు చూసి ఉంటాను. నాలుగే.

ఓమ్స్ తప్పు చెబితే మనిషి చచ్చిపోడని నాకు తెలుసు. కానీ మిక్సర్ ఒక్కసారిగా ఆగిపోయి, మాడిన వాసన వచ్చి, ఆ కంగారులోనే గుండె ఆగి ఉంటే? మామ చివరగా చూసింది నా తప్పునేనా?

సోలాపూర్ వచ్చేదాకా ఇదే. పక్క సీటు ఆవిడ రెండుసార్లు నీళ్లు ఇచ్చింది.

ఇంట్లో అందరూ మామ చుట్టూ ఏడుస్తున్నారు. నేను మాత్రం దొంగలా ముందు సెట్ వైపు చూశాను. సిగ్గుగా ఉంది, అయినా నిజం అదే.

మిక్సర్‌కు మామ పాత బాక్సులు రెండే కలిపి ఉన్నాయి. కొత్తగా వచ్చినవి విడిగా, గోడ పక్కన ఉన్నాయి.

సాయంత్రం అన్నీ అయ్యాక అత్తను అడిగాను, అవి ఎందుకు కలపలేదని.

"ఎవల దగ్గరనో మీటరు తెచ్చి, పెట్టి చూసిండు బిడ్డా. నాలుగువే అని పక్కకు పెట్టిండు. ఇయ్యాల పొద్దుగాల పాత బాక్సుల మీదనే పాట పెట్టుకున్నడు. మంచిగనే మోగుతుండె. పాట ఇనుకుంటనే ఒరిగిండు."

"మరి నేను తప్పు చెప్పానని నాకు ఫోన్ చేయలేదేంది అత్తా?"

"నేను గదే అన్న. 'వద్దు, పోరి భయపడ్తది. మల్లొకసారి అడిగితే చెప్పది' అన్నడు."

అప్పటిదాకా నాకు ఏడుపు రాలేదు.

మామా, మళ్లీ ఒకసారి అడగవా. ఈసారి మీటింగ్ ఆపి చూస్తాను.

ఎక్కడున్నా నిమ్మళంగా ఉండు.