పీఠం ఎక్కని మణెమ్మ

ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం వెళ్ళే రోడ్డు పక్కన ఎజ్రాగారి విగ్రహాల షెడ్డు ఉండేది. ఆ షెడ్డు రహస్యం ఒక్కటే: మొండెం అందరికీ ఒకటే, తలకాయలే వేరు. చెయ్యెత్తి వేలు చూపించే మనిషి అచ్చు ఒకటి ఉంది. అందులో సిమెంటు పోయడం, పైన ఎవరి తల కావాలంటే వారిది అతకడం. ఏ పార్టీవారికైనా ఆ వేలే, ఆ పంచె మడతలే. ఆ వేలు ఎటు చూపిస్తోందో చేసిన ఎజ్రాగారికీ తెలియదు, కొనుక్కున్నవారికీ తెలియదు.

ఆయన చేతికి వణుకు వచ్చాక పని కూతురు ప్రసన్నకుమారి మీద పడింది. విశాఖపట్నంలో శిల్పం చదువుకుని వచ్చిన మనిషి. ఆ మొండాన్ని చూస్తే ఆమెకు ఒళ్ళు మండేది.

"ఊరూరా ఒకే మనిషిని నిలబెడుతున్నాం నాన్నా" అంటే, "నిలబడుతున్నాడుగా, పడిపోవడం లేదుగా" అని ఆయన నవ్వేసేవారు.

2006లో కొల్లేరు సరస్సులో అక్రమమంటూ చేపల చెరువుల గట్లను ప్రభుత్వం పేల్చేసింది. మండవల్లి అవతల ఒక లంక ఊళ్ళో మత్స్యకారుల సొసైటీ చెరువు గట్టు కూడా పోయి, ఊరివైపు ఒక ముక్క మిగిలింది. ఆ ముక్క మీద తన తండ్రి విగ్రహం పెట్టాలని ఈశ్వరప్రసాద్ అనే నాయకుడికి బుద్ధి పుట్టింది. తండ్రి ఆ ఊరికి ఒకప్పటి ప్రెసిడెంటు. ఎన్నికలు దగ్గర పడుతున్నాయి మరి. "ప్రజలకు చెరువు తవ్వించి ఇచ్చిన మహనీయుడు" అని పలక చెక్కించి, నిలువెత్తు పీఠం కట్టించి, షెడ్డుకు ఫోటో పంపించాడు.

షెడ్డులో ఒక ఆనవాయితీ ఉంది. సిమెంటు పోసేముందు, మట్టితో చేసిన తలను ఆ మనిషిని ఎరిగినవాళ్ళకు చూపించి పోలిక అడగాలి. ప్రసన్న ఆ తలను తడిగుడ్డలో చుట్టి పడవలో ఊరికి తీసుకెళ్ళింది. అందరూ చూసి, అచ్చం ప్రెసిడెంటుగారేనన్నారు. డెబ్బై దాటిన మణెమ్మ మాత్రం ఇంకా చూస్తూనే ఉంది.

"పోలిక కుదరలేదా మామ్మగారూ?"

"నాకేం తెలుసమ్మా. ఆయన మొహం నేనెప్పుడూ చూళ్ళేదు. ఆయనేమో గట్టు మీద నిలబడేవారు. మేం నెత్తిన మట్టితట్ట పెట్టుకుని కిందనించి ఎక్కేవాళ్ళం. తలెత్తితే తట్ట పడిపోద్ది కదండీ. ఆయన చెప్పులు మాత్రం బాగా గుర్తు. కిర్రుమనేవి."

ఊరి ఆడవాళ్ళు మూడు వేసవులు తట్టలు మోశారట. పలక మీద వాళ్ళ పేరు ఒక్కటీ లేదు. తిరుగు పడవలో ప్రసన్నకు కోపం వచ్చింది. ఆ కోపం పోయిన పెద్దమనిషి మీద కాదు, ఇన్నాళ్ళూ ఆ వేలు పోసిన తన చేతుల మీద. షెడ్డుకు రాగానే సమ్మెట తీసుకుని మొండెం అచ్చును పగలగొట్టింది. ఎజ్రాగారు కుర్చీలో కూలబడ్డారు. కూతురు జరిగిందంతా చెప్పి, మణెమ్మ బొమ్మ చేస్తానంటే, "సరే, ఆ మామ్మగారి పోలికైనా తప్పకుండా చెయ్యి" అన్నారు.

విగ్రహం చెయ్యనని ఆమె ఈశ్వరప్రసాద్‌కు మొహమాటం లేకుండా కబురు పంపింది. నెల తిరిగేసరికి మణెమ్మ బొమ్మ తయారైంది. నెత్తిన తట్ట, మోకాళ్ళ దాకా బురద. ఊరి ఆడవాళ్ళే రెండు పడవలు కలిపి కట్టి దాన్ని తెచ్చుకుని, ఖాళీ పీఠం ముందు నేల మీదే నిలబెట్టారు. తట్ట మోసినవాళ్ళు పీఠాలెక్కి ఎరగరు.

మర్నాడు పొద్దున్నే ఈశ్వరప్రసాద్ నలుగురు మనుషులతో, గునపాలతో పడవ దిగాడు. తన పీఠం మెట్లెక్కి నిలబడి, "ఎవరి పర్మిషన్‌తో పెట్టావమ్మా ఇది?" అని, బొమ్మతోపాటు వచ్చి రాత్రి ఊళ్ళోనే ఆగిన ప్రసన్నను అడిగాడు.

ఆమె నోరు తెరిచేలోపే మణెమ్మ ముందుకొచ్చింది.

"పర్మిషన్ అడిగి మోయలేదండి బాబుగారూ, ఆ మట్టి." తల పైకెత్తి అతని మొహంలోకి సూటిగా చూసింది. "మీ నాన్నగారి మొహం చూసే భాగ్యం నాకు లేకపోయింది. ఇప్పుడు నెత్తిన తట్ట లేదు. మీ మొహమైనా చూద్దామని వచ్చాను. గునపం వేయించండి, చూస్తాను."

ఆమె వెనక ఉన్న ఆడవాళ్ళందరూ తలలెత్తారు. గునపాలు పట్టుకున్నవాళ్ళలో ఇద్దరి తల్లులు ఆ గుంపులోనే ఉన్నారు. ముందు ఆ ఇద్దరూ, తర్వాత మిగిలినవాళ్ళూ గునపాలు కింద పెట్టేశారు.

ఈశ్వరప్రసాద్ తల దించుకుని తన చెప్పుల వంక చూసుకున్నాడు.