డిస్కు మీద వేసిన నింద

2003 జూలైలో నేను అనంతపురంలో ఫీల్డ్ ఇంజనీరుని. మా కంపెనీ కంప్యూటర్లు జిల్లాలో ఎక్కడ మొరాయించినా వెళ్లి చూడడం నా పని. ఒక గురువారం రాయదుర్గం పక్క పల్లెలో ఓబులేసు ఇంటికి పంపారు. అతను జీన్స్ ప్యాంట్ల కటింగ్ మాస్టరు. ఇంట్లో ఒక మూల సర్వర్ పెట్టుకొని, పక్క షెడ్డులోని రెండు కంప్యూటర్లకు దాన్నుంచి వైరు లాగుకున్నాడు. రెండేళ్లుగా గీసిన ప్యాట్రన్లన్నీ అందులోనే ఉన్నాయి, వేరే కాపీ లేదు. అవి పోతే షెడ్డు మూతపడుతుంది, కుట్టేవాళ్లు పని వెతుక్కుంటూ బళ్లారి దారి పడతారు.

ఫిర్యాదు టైమౌట్ ఎర్రర్. అంటే కంప్యూటర్ అడిగినదానికి హార్డ్ డిస్కు గడువులోగా బదులివ్వడం లేదు. తప్పులు నమోదయ్యే లాగ్ తెరిచాను. ఈ వారం ఎర్రర్లన్నీ పొద్దున తొమ్మిదికీ పన్నెండుకీ మధ్య ఉన్నాయి, కిందటి వారానివి మధ్యాహ్నం ఉన్నాయి. పని ఎక్కువున్న గంటలేమోననుకొని వదిలేశాను. కొత్త డిస్కు తగిలించి కాపీ పెడితే రెండుసార్లూ మధ్యలోనే తెగింది. కొత్త డిస్కు పేరు మీద కూడా ఒక ఎర్రర్ వచ్చింది. రెండూ ఒకే కేబుల్ మీద ఉన్నాయి కాబట్టి అదీ పాతదాని పాపమే అన్నాను. పదమూడేళ్ల అనుభవం కదా, నోరు ముందు నడిచింది.

వారంటీలో కొత్త డిస్కు ఇస్తే పాతది సీలు వేసి బెంగళూరు డిపోకు పంపాలి. అక్కడికి వెళ్లింది తిరిగి రాదు. కాల్ షీటులో 'డిస్కు చెడింది, డేటా రాదు' అని రాసి ఓబులేసు ముందు పెట్టాను. "ముప్పై నాలుగు సైజుదొక్కటన్నా రాదా సార్?" అని అడిగాడు. రాదన్నాను. తల ఎత్తకుండా సంతకం పెట్టాడు.

నేను పాత డిస్కు పెట్టిన పెట్టెకు టేపు చుడుతున్నాను. వసారాలో బోరు స్టార్టరు కింద కూర్చున్న ఓబులేసు నాయన తిప్పన్న పిలిచాడు.

"ఏమప్పా, ఈడ స్టార్టరు కొట్టుకున్నప్పుడల్లా ఆడ నీ మిషను టిక్కుమంటాండాది. పొద్దన్నుంచి మూడు తూర్లు చూసినా."

చిరాకేసింది. ఇది లోపలి రోగం పెద్దాయనా, బోరుకూ దీనికీ సంబంధం లేదన్నాను. ఆయన పట్టించుకోకుండా, ఈ వారం వాళ్ల లైనుకు త్రీఫేజ్ కరెంటు పొద్దున వస్తోందని, పోయిన వారం మధ్యాహ్నం టర్నని, వారం వారం వేళ మారుతుందని చెప్పాడు. లాగ్‌లో ఎర్రర్లు పడ్డ వేళలూ అవే. ఆ లాగ్ ఆయన కంటితో కూడా చూడలేదు.

అక్కడి రైతులు మోటార్లకు ఆటో స్టార్టరు పెట్టుకుంటారు. త్రీఫేజ్ రాగానే మనిషి లేకపోయినా మోటారు తిరుగుతుంది. కరవులో ఒక్క నిమిషం నీళ్లు కూడా ఎవరూ వదులుకోరు. అందుకని లైను మీది మోటార్లన్నీ ఒకేసారి అందుకుంటాయి. వోల్టేజీ పడిపోతుంది, ఇంట్లో స్టెబిలైజర్ టక్కుమని మారుతుంది. ఆ రెప్పపాటులో డిస్కు ఆగి మళ్లీ తిరగడం మొదలెడుతుంది. ఈలోగా గడువు దాటిపోతుంది. పైగా ఆ పూట త్రీఫేజ్ పోతూ వస్తూ ఉంది, వచ్చినప్పుడల్లా ఇదే తంతు.

పన్నెండుకు త్రీఫేజ్ పోయి, ఇళ్లకు సరిపడా సింగిల్ ఫేజ్ మిగిలింది. సీలు కోసి, పాత డిస్కు తగిలించి మళ్లీ కాపీ పెట్టాను. ఓబులేసు అన్నానికి లేవలేదు. నేనూ లేవలేదు, సిగ్గేసింది. రెండు గంటల్లో ఒక్క ఎర్రర్ కూడా లేకుండా కాపీ పూర్తయింది. అతను ముప్పై నాలుగు సైజు తెరిచి చూసి, "ఉండాది సార్" అని మిగతా సైజులు ఒక్కొక్కటే తెరుస్తూ పోయాడు.

కాల్ షీట్లకు వరుస నంబర్లుంటాయి, చించడానికి వీల్లేదు. రాసింది కొట్టేసి, 'డిస్కు బాగుంది, ఇంజనీరు పొరపాటు' అని రాసి మళ్లీ సంతకం తీసుకున్నాను. మేనేజరు సంజాయిషీ అడిగాడు, ఇచ్చాను. వారం తర్వాత ఆ ఇంట్లో ఎప్పుడూ బ్యాటరీ మీదుగానే కరెంటు ఇచ్చే యూపీఎస్ పెట్టించాం. టైమౌట్లు ఆగాయి.

ఎర్రర్ ఏ గంటలో వచ్చిందో లాగ్ చెబుతుంది, అంతవరకే. ఆ గంటలో ఇంకేం జరుగుతోందో ఇంట్లోవాళ్లను అడగాలి. రిటైరయ్యేదాకా ఏ పల్లెకు వెళ్లినా స్క్రూడ్రైవర్ తీయకముందే అడిగేవాణ్ణి, ఈ వారం మీ కరెంటు టర్ను ఎప్పుడని.