నేను ఎంచుకున్న వాల్వు యాంప్లిఫయరు

జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. ట్రయోడ్ వాల్వు సిలబస్‌లో ఉన్నన్నాళ్ళు ప్రతి ఏడూ బోర్డు మీద దాని బొమ్మ వేశాను. కేథోడు, గ్రిడ్డు, ప్లేటు, మూడింటికి మూడు రంగుల సుద్దముక్కలు. కానీ వెలుగుతున్న వాల్వును చేతికందే దూరంలో చూసింది మాత్రం నలభై దాటాకే. మెదక్‌లో చర్చి వైపు పోయే దారిలో ఒక చిన్న రేడియో రిపేరు దుకాణంలో.

తెలంగాణ కోసం మేమంతా సమ్మెలో ఉన్న రోజులవి. కాలేజీకి తాళం. పొద్దున శిబిరంలో కూర్చుని, నినాదాలిచ్చి, ఒక్కోరోజు రోడ్డు మీదే వండుకుని తిని మధ్యాహ్నానికి ఖాళీ అయ్యేవాళ్ళం. మాది రెండు గదుల కిరాయి ఇల్లు. బిడ్డ పదో తరగతి, బడి లేకపోయినా ఇంట్లో కూర్చుని చదువుకునేది. దానికి అడ్డం కాకుండా పాటలు వినాలంటే హెడ్‌ఫోనే దిక్కు. హైదరాబాద్‌లో ఒక పరిచయస్తుడు వాడి వదిలేసిన మంచి హెడ్‌ఫోన్ ఒకటి కొన్నాను. తీరా కంప్యూటర్‌కు తగిలిస్తే పక్కింట్లో ఎవరో పాడుతున్నట్టు వినిపించింది. రెండు వందల యాభై ఓముల హెడ్‌ఫోన్, దాన్ని కదిలించే బలం కంప్యూటర్‌కు లేదు. విడిగా ఒక యాంప్లిఫయరు కావాలి.

ఇంటర్నెట్‌లో వారం రోజులు చదివాను. పూర్తిగా వాల్వులతో చేసినవి నా జీతానికి అందవు. ఒట్టి ట్రాన్సిస్టర్లవి సస్తావే, కానీ వాటి గురించి చదువుతుంటే నాకు ఆశ పుట్టలేదు. మధ్యలో హైబ్రిడ్ అని ఒక రకం ఉంది. ముందు భాగంలో ఒక వాల్వు, వెనుక ట్రాన్సిస్టర్లు. గొంతుకు నునుపు వాల్వు తెస్తుందని, బలం ట్రాన్సిస్టర్లు ఇస్తాయని రాశారు. అలాంటివి నాలుగు నాకు అందే ధరలో ఉన్నాయి. వాటి కాగితాలు ప్రింటు తీయించుకుని రేడియో దుకాణానికి పోయాను.

దుకాణం ఆయనకు అరవై ఐదు దాటి ఉంటాయి. చర్చి మైకు సెట్టు ఆయన చేతి మీదే నడిచేది. ఊళ్ళో మిగిలిన రేడియోలన్నిటికీ ఆయనే డాక్టరు. నేను కాకా అని పిలిచేవాణ్ణి. అద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని నా కాగితాలు ఒక్కొక్కటే చూసి, చివరిదాని మీద గోటితో గీత పెట్టాడు.

"సార్, గీ వాల్వు రెండు వందల వోల్టులు తినేది. వీళ్ళేమో పన్నెండు పెడ్తుండ్రు. ఉపాసముంచి పాట పాడమన్నట్టుంది."

అది నేను చూడలేదు. కాగితం మీద స్పష్టంగానే ఉంది, పన్నెండు వోల్టుల అడాప్టరు అని. ఫిజిక్స్ సారును నేను.

"మరి ఏది కొనాలె కాకా?" అన్నాను.

"ఏదైనా గానీ, కొనేటప్పుడు పాట వినకుండ్రి. పాట బంద్ జేసి, సౌండు మొత్తం పెంచి, ఖాళీగ వినుండ్రి. గుయ్‌మన్నదంటే వద్దు. మళ్ళ పాట పెట్టి సౌండు మస్తు తగ్గించి వినుండ్రి. రెండు చెవులకు సమానం రావాలె. ఆడనే దొర్కిపోతయి సస్త డబ్బాలు. గా వాల్వు పోతే ఇంకోటి యాడ దొరుకుతదో గూడ అడుగుండ్రి."

అప్పటినుంచి రోజూ శిబిరం అయ్యాక అక్కడికే పోయేవాణ్ణి. ఆయన పాత టేపురికార్డరులోంచి తీసి దాచిన వాల్వు ఒకటి చూపించాడు. దానికి సరిపడా వోల్టులిచ్చి వెలిగించాడు. లోపల సన్నని నారింజ రంగు, పొయ్యిలో ఆరిపోబోయే నిప్పులాగా. పాఠాల్లో చెప్పిన గ్రిడ్డు ఏదని నేనే ఆయన్ని అడగాల్సి వచ్చింది. ఆయన నవ్వలేదు. పెన్సిలు మొనతో చూపించాడు.

ఒకరోజు ఆయనే అన్నాడు. "ఇగ నాలుగు కాగితాలు పట్టుకొని ఎందుకు పరేషాన్ సార్. నేను జేసిస్త. వాల్వు నా తాన ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ నేనే చుడ్త. వెనుకకు నాలుగు ట్రాన్సిస్టర్లు గావాలె, గంతే."

"చెయ్యుండ్రి కాకా. మీరు చేసిందే కావాలె నాకు," అన్నాను. అడ్వాన్సు ఇవ్వబోతే వద్దన్నాడు. ముందు వినుండ్రి అన్నాడు.

ఆ వారమే శిబిరంలో మాట్లాడమని నాకు మైకిచ్చారు. మనవాళ్ళ చేతుల్లో ఎంత విద్య ఉందో, దాన్ని ఎవరూ ఎట్లా గుర్తించరో చెప్పాను. ఉదాహరణకు ఆయన్నే తీసుకున్నాను. ఇదే ఊళ్ళో వాల్వుకు ప్రాణం పోసే మనిషి ఉన్నాడు, మనం మాత్రం బయటి డబ్బాల కోసం ఎగబడతాం అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. మైకు సెట్టు దగ్గర ఆయన కూడా ఉన్నాడు. తల వంచుకుని వైరు సర్దుకుంటున్నాడు.

సమ్మె ముదిరింది. బస్సులు ఆగిపోయాయి. ట్రాన్సిస్టర్ల కోసం ఆయన ఒక సామాన్ల ఆటోలో చేగుంట దాకా పోయి, అక్కడినుంచి లారీ పట్టుకుని హైదరాబాద్ పోయాడని తరువాత తెలిసింది. తిరిగి వచ్చేటప్పుడు చాలా దూరం నడిచాడట. అది నాకు ఆయన చెప్పలేదు, పక్కనే ఉన్న సైకిల్ దుకాణం ఆయన చెప్పాడు.

నేను కూడా అదే రోజుల్లో ఒక పెళ్ళి కోసం, దొరికిన జీపు పట్టుకుని హైదరాబాద్ పోయాను. పెళ్ళి అయ్యాక ఊరికే చూద్దామని ఒక ఆడియో దుకాణంలోకి అడుగుపెట్టాను. గాజు అరలో ఉంది. నా నాలుగు కాగితాల్లో చివరిది. గోటి గీత పడినది. వెండిలా మెరిసే అల్యూమినియం డబ్బా, మధ్యలో వాల్వు, దాని అడుగు నుంచి ఎర్రటి వెలుగు. దుకాణంవాడు ఒక పాట పెట్టి హెడ్‌ఫోన్ నా చేతికిచ్చాడు. పాట ఆపి వినాలని గుర్తుంది. సౌండు తగ్గించి వినాలని గుర్తుంది. వినలేదు. అద్దంలో ఆ వెలుగు, దాని పక్కన నా ముఖం కనిపిస్తున్నాయి. కాకా చేసేది రేకు డబ్బాలో ఉంటుంది, దాని మీద ఆకుపచ్చ రంగు బ్రష్షుతో పూస్తాడు. ఇంటికొచ్చే తోటి లెక్చరర్లకు దాన్ని చూపించడం ఊహించుకున్నాను. ఇది కొన్నాను.

మెదక్ వచ్చాక నా దారి మారిపోయింది. చర్చి దారి వదిలి, చుట్టూ తిరిగి కూరగాయల మార్కెట్ మీదుగా ఇంటికి వచ్చేవాణ్ణి. పది రోజులకు కాకా శిబిరంలోనే ఎదురయ్యాడు.

"సార్, కనవడ్తలేరు. ఇగ రెండు దినాలల్ల అయిపోతది మీది."

నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉండదు. నేనేమో, "హెడ్‌ఫోన్ పాడైంది కాకా. హైదరాబాద్‌ల రిపేరుకు ఇచ్చిన. ఎప్పుడొస్తదో తెల్వది. జర ఆగుదాం," అన్నాను.

"అయ్యో. నాకు తెచ్చియ్యకపోతిరి," అన్నాడు. ఆయన ముఖంలో నిజంగానే బాధ కనిపించింది. పాటల్లేకుండా ఈ సారు ఎట్లా ఉంటున్నాడో అన్నట్టు.

ఇంకో నాలుగు రోజులకు, శిబిరం నుంచి ఇంటికి వచ్చేసరికి గేటు ముందు ఆయన సైకిలు ఉంది. లోపలికి పోయాను. నా కుర్చీలో ఆయన కూర్చున్నాడు. చెవులకు నా హెడ్‌ఫోన్. ఎదురుగా బల్ల మీద అల్యూమినియం డబ్బా ఎర్రగా వెలుగుతోంది. కళ్ళు మూసుకుని వింటున్నాడు. కుర్చీ కాళ్ళ దగ్గర ఒక గోనెసంచి, అందులోంచి ఆకుపచ్చ రేకు మూల బయటికి కనిపిస్తోంది. సంచి మీద పాత హెడ్‌ఫోన్ ఒకటి, వైరు కొత్తగా మార్చి ఉంది.

నా భార్య చాయ తీసుకుని వంటింట్లోంచి వచ్చింది. "మీ హెడ్‌ఫోన్ ఖరాబైందని ఆయన తన హెడ్‌ఫోన్ తెచ్చిండు," అంది. "ఖరాబు కాలేదు, మొన్న హైదరాబాద్‌ల కొన్న మిషన్ల మంచిగనే వస్తుంది, వినుండ్రి అని నేనే పెట్టిన." ఆమెకు ఏమీ తెలియదు. తలుపు దగ్గర చాప మీద బిడ్డ లెక్కలు చేసుకుంటోంది.

ఆయన కళ్ళు తెరిచి నన్ను చూశాడు. హెడ్‌ఫోన్ తీసి మెల్లగా బల్ల మీద పెట్టాడు.

అప్పుడు నేనన్న మాట ఇది. "నాది కాదు కాకా. దోస్తుది. విని చూడమని ఇచ్చిండు. హెడ్‌ఫోన్ నిన్ననే వచ్చింది."

కొన్నానని నా భార్య ఆయనకు చెప్పి ఒక నిమిషం కూడా కాలేదు. ఆమె చేతిలో చాయ కప్పు అట్లాగే ఉంది. నేను అబద్ధం చెప్పానని గదిలో ఉన్న ముగ్గురికీ తెలుసు, వాళ్ళకు తెలుసని నాకూ తెలుసు. బిడ్డ పెన్సిలు ఆగిపోయింది. తలెత్తి నన్ను చూసి, మళ్ళీ పుస్తకంలోకి వంగింది. ఈ పదిహేనేళ్ళలో నన్ను చాలామంది చాలా మాటలన్నారు. ఆ పిల్ల తల వంచుకోవడమంత కష్టం ఏదీ పెట్టలేదు.

"అట్లనా సార్," అన్నాడాయన. చాయ కప్పు అందుకున్నాడు. "దోస్తుది మంచిగనే ఉంది. జర ఎడమ దిక్కు తక్కువొస్తుంది, సౌండు తగ్గిస్తే. సౌండు గుండీ మార్చుకొమ్మనుండ్రి. ఇగ గా ఎర్రటి వెలుగు వాల్వుది గాదు, కింద చిన్న బల్బు పెట్టిండ్రు."

నేను సంచి వైపు చూశాను. "అయిపోయిందా కాకా మనది?"

"లేదు సార్, ఇంక పని ఉంది," అన్నాడు. "మీ హెడ్‌ఫోన్ పిన్ను కొలత చూస్కపోదమని వచ్చిన." కొలత ఏమీ చూడలేదు. చాయ తాగి, కప్పు కిందపెట్టి, సంచి భుజానికి వేసుకుని పోయాడు. గేటు దాకా నేను పోయాను. సంచి మూతి తెరుచుకునే ఉంది. రేకు మీద రంగు పూర్తిగా ఆరి ఉంది. స్క్రూలన్నీ బిగించి ఉన్నాయి.

ఇంట్లోకి వచ్చాక నా భార్య ఒక్క మాటే అంది. "నాకు ముందే చెప్తే నేనన్న చూపియ్యకపోదును." అంటే నా అబద్ధాన్ని తనూ మోసేదాన్నని. అది విన్నాక ఇంకా చిన్నబోయాను.

పాట ఆపి, సౌండు మొత్తం పెంచి ఆ రోజే మొదటిసారి విన్నాను. గుయ్‌మంది.

ఐదో రోజు ధైర్యం చేసి దుకాణానికి పోయాను. ఆయన ఒక ట్రాన్సిస్టర్ రేడియో విప్పి కూర్చున్నాడు. నిలబడే చెప్పాను.

"కాకా, గది నాదే. నేనే కొన్న. దోస్తుది కాదు. హెడ్‌ఫోన్ ఖరాబు కూడా కాలేదు."

"తెలుసు సార్. అమ్మ చెప్పె గద."

"మరి ఆడ ఒక్క మాటన్న అనకపోతిరి."

ఆయన స్క్రూ డ్రైవరు కిందపెట్టాడు. "మీ బిడ్డ ఆడనే ఉండె గద సార్," అన్నాడు.

చేసిన డబ్బా నాకియ్యమన్నాను. దాని ధర ఎంతైనా ఇస్తానన్నాను. అది లేదన్నాడు. చర్చి దగ్గర ఒక రిటైరైన టీచరమ్మ ఉందట, బళ్ళో సంగీతం చెప్పినావిడ. చెవులు సరిగ్గా వినబడక ఇంట్లో టేపులు పెట్టుకోవడం మానేసిందట. తన పాత హెడ్‌ఫోన్‌తో సహా ఆవిడకు ఇచ్చాడట.

"వింటుంది సార్. పొద్దంత వింటుంది. పాటల నడుమ ఎవరో దగ్గుతుండ్రట, గది గూడ వినవడ్తుందట." ఆ మాట చెప్పేటప్పుడు ఆయన ముఖం వెలిగింది.

ఆవిడ ఇంటికి పోయి ఒక్కసారి వినొస్తానని అడగాలనిపించింది. ఏ ముఖంతో అడగను? అందుకే ఆ రేకు డబ్బా ఎట్లా పలికేదో నాకు ఈనాటికీ తెలియదు. రెండింట్లో ఏది మేలని ఎవరైనా అడిగితే చెప్పలేను. ఒకటే విన్నాను, అది కూడా సరిగ్గా వినకుండా కొన్నాను.

రాష్ట్రం వచ్చిన ఏడాదికి అల్యూమినియం డబ్బా ఆగిపోయింది. మళ్ళీ ఆయన దగ్గరికే తీసుకుపోవాల్సి వచ్చింది. ఏమీ అనకుండా విప్పి, కాలిపోయిన ట్రాన్సిస్టరు మార్చాడు. ఎడమ చెవికి తక్కువ వచ్చే గుండీని కూడా, నేను అడగకముందే మార్చాడు. పని చూస్తూ, చూస్తూ అడిగాను.

"కాకా, ఒకటి చెయ్యుండ్రి నాకు. టీచరమ్మకు ఇచ్చిండ్రు గద, అసొంటిదే. ఎన్ని దినాలైనా ఆగుత."

"చెయ్యలేను సార్. కండ్లు కనవడ్తలేవు," అన్నాడు.

అప్పుడు ఆయన చేతిలో వెంట్రుక కన్నా సన్నని తీగ ఉంది. ఎవరిదో రేడియో కాయిలుకు దాన్ని అతికిస్తున్నాడు. అద్దాలు నుదుటి మీదే ఉన్నాయి. తీగ కొస రంధ్రంలోకి ఒక్కసారికే దిగింది. నేను చూస్తున్నానని ఆయనకు తెలుసు. తలెత్తలేదు, చెయ్యి ఆపలేదు.

రిపేరుకు ఎంతైందని అడిగి, చెప్పింది ఇచ్చి, డబ్బా సంచిలో పెట్టుకుని ఇంటికి వచ్చాను.