మా వంటింటి మీది రోడ్డు

మా పెద్దనాన్న ఆంబ్రోస్ క్షవరం షాపు గోడకి ముగ్గురు ప్రెసిడెంట్ల ఫోటోలు, ఒక ఉత్త మేకు ఉండేవి. ఫోటోలు లింకన్‌వి, రూజ్‌వెల్ట్‌వి, కెన్నెడీవి. మేకు ఐసన్‌హోవర్‌ది.

యుద్ధంలో ఐసన్‌హోవర్ సేనాధిపతిగా ఉన్నప్పుడు పెద్దనాన్న ఫ్రాన్సులో లారీ తోలాడు. నిద్రమాని ఆ సైన్యానికి పెట్రోలు మోసినవాళ్ళలో ఎక్కువమంది మా నల్లవాళ్ళే. ఆయన ప్రెసిడెంటయ్యాక, పెద్దనాన్న "మా జనరల్" అని గొప్పగా ఫోటో తగిలించాడు. తర్వాత అదే జనరల్ సంతకంతో దేశమంతటా పెద్దరోడ్లు మొదలయ్యాయి. మా ఊళ్ళో ఆ రోడ్డుకి గీత గీసిన పెద్దమనుషులకి తెల్లవాళ్ళ గోల్ఫ్ మైదానాన్ని తప్పించడం చేతనైంది గాని, మా పేటను తప్పించడం చేతకాలేదు. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. 1966లో పెద్దనాన్న ఇల్లు నేలమట్టం చేశారు. ఆ రోజే ఫోటో దించేసి, ఆ రోడ్డెక్కనని ఒట్టు పెట్టుకున్నాడు. ఎనిమిదేళ్ళు ఎక్కడికైనా సందుల్లోంచే వెళ్ళాడు.

"మీ జనరల్ ఏడి బాబాయ్?" అని షాపులో ఎవరైనా ఎగతాళి చేస్తే, "మా ఇంటి మీద పడుకున్నాడు. తల కదపకు, చెవి తెగుద్ది," అనేవాడు.

ఒక ఆదివారం చర్చి నుంచి రాగానే పెద్దమ్మ వెర్లీన్ గుండె పట్టుకుని కూలబడింది. కారు వెనక సీట్లో ఆమె తల నా ఒళ్ళో పెట్టుకున్నాను. ఆసుపత్రికి సందుల్లో అరగంట, ఆ రోడ్డు మీద ఏడు నిమిషాలు. మలుపు దగ్గర పెద్దనాన్న ఒక్క క్షణం కారు ఆపాడు. పళ్ళు కొరుక్కుంటూ రోడ్డెక్కించాడు.

"ఎక్కడున్నాం?" అంది పెద్దమ్మ కళ్ళు తెరవకుండానే.

"మన వంటింటి మీద."

"అయితే మెల్లగా పోవయ్యా. వంటింట్లో ఏంటా పరుగు?"

"ఇప్పుడు కూడా నోరేనా? ఊపిరి పీల్చవే ముందు," అన్నాడు. ఆయన మెడ నరాలు పొంగి ఉన్నాయి.

సాయంత్రం ఒక కుర్ర డాక్టరు నవ్వుతూ బయటికొచ్చాడు. "గండం గడిచింది. ఇంకో పది నిమిషాలైతే దక్కేది కాదు. అంతా ఆ రోడ్డు పుణ్యమే అనుకోండి."

పెద్దనాన్న చేతిలో టోపీ నలిగిపోయింది.

"బాబూ, మీరు చిన్నవారు, మీకు తెలీదు," అన్నాడు. "ఆ రోడ్డు రాకముందు మా నల్లవాళ్ళ ఆసుపత్రి మా వీధి చివరే ఉండేది. రోడ్డుకి అడ్డమని దాన్నీ కూల్చారు. అదే ఉంటే మా ఆవిడ నడిచి వెళ్ళేది."