రెండో వైరు, మూడో వైరు

1949. పోలీస్ యాక్షన్ జరిగిన మరుసటి ఏడు. నల్గొండలో బస్సులు ఆగే చోటుకు కొంచెం అవతల నాకో రేకుల షెడ్డు ఉండేది. అప్పట్లో మోటారు రిపేరు తెలిసినవాళ్లం జిల్లా మొత్తంలో వేళ్ల మీద లెక్కపెట్టేంత మందిమి. కార్లున్నవాళ్లూ అంతే. దొరలు, పెద్ద వకీళ్లు, సర్కారు ఆఫీసర్లు. ఊళ్లు వదిలి పట్నం పారిపోయిన దొరలు యూనియన్ పోలీసుల వెనకాలే తిరిగి వచ్చి కోటల్లాంటి తమ గడీల తాళాలు తీసుకున్నారు. దొరల మీద తిరగబడ్డ సంఘం వాళ్లు మాత్రం ఇంకా గుట్టల్లోనే ఉన్నారు. అందుకని రోడ్ల పొడుగునా పోలీసు క్యాంపులు వెలిశాయి.

మోటారు పని గురించి ఎవరైనా ఆసక్తిగా అడిగితే నేను ఈ కేసే చెబుతాను. ఇంత సులువుగా తేలిన జబ్బు నా చేతుల్లోకి మళ్లీ రాలేదు. తేలాక ఇంత చేదు మిగిల్చినదీ మరొకటి లేదు.

ఒకనాడు పొద్దున పోలీసు లారీ వచ్చి షెడ్డు ముందు ఆగింది. సామాన్లు తీసుకుని ఎక్కమన్నారు. ఎక్కాను. ఎందుకని అడిగే రోజులు కావవి. దేవరకొండ దారిలో ఉన్న క్యాంపు దగ్గర దింపారు. అక్కడ రోడ్డు వారగా మర్రిగూడ వైపు దొర ఒకాయన కారు నిలబడి ఉంది. ముందు అద్దం లేదు. తలుపులో గుండు దిగిన తూటు ఉంది. ఆ కారు నాకు తెలుసు, దాని డ్రైవరు నర్సయ్య ఇంకా బాగా తెలుసు. షెడ్డుకు వచ్చినప్పుడల్లా పని నేర్చుకోవాలని నా భుజం మీదుగా తొంగి చూసే మనిషి. ఇప్పుడు చక్రం పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు. అతని తలరుమాలుతోనే అతని చేతులు వెనక్కి విరిచి కట్టారు. దొర డేరా నీడలో కుర్చీ వేసుకుని చాయ్ తాగుతున్నాడు.

జరిగింది ఇది. ఆ పొద్దున కారు క్యాంపు ముందు నుంచి పోతూ ఢాం ఢామ్మని పేలింది. కాపలా పోలీసులు తుపాకీ మోత అనుకుని కాల్చారు. ఎవరికీ తగల్లేదు గానీ, దొర కారు మీదే కాల్చిన సంగతి క్యాంపు ఆఫీసరుకు తల కొట్టేసినట్టు అయింది. దానికి ఆయన ఒక కారణం వెతుక్కున్నాడు: గుట్టల్లోని సంఘం వాళ్లకు సైగ చేయడానికి డ్రైవరే బండిని కావాలని పేల్చాడట. ఆయన పై ప్రాంతంవాడు, హిందీలో మాట్లాడాడు. బండి దానంతటదే చెడిందా, ఎవరైనా చెడగొట్టారా, ఆ ఒక్కటీ చెప్పమన్నాడు.

ఇంజను స్టార్టు చేయించి విన్నాను. నాలుగు సిలిండర్ల బండి రెండింటి మీదే కుంటుతోంది. సిలిండరు మండాల్సిన వేళ మండకపోవడాన్ని మిస్‌ఫైర్ అంటారు, మా భాషలో మిస్ కొట్టడం. సిలిండరుకు నిప్పురవ్వ ఇచ్చే ప్లగ్గులను చెక్కపిడి స్క్రూడ్రైవరుతో ఒక్కొక్కటే ఇంజను ఇనుముకు ఆనించి రవ్వ ఆపుతూ పోతే, పనిచేసే సిలిండరు దగ్గర ఇంజను ఇంకా నీరసిస్తుంది, చచ్చిన దాని దగ్గర ఏ మార్పూ ఉండదు. మొదటిది, నాలుగోది బతికున్నాయి. మధ్యలోవి రెండూ చచ్చాయి.

అయినా ముందు టైమింగ్ చూశాను, ఎందుకంటే బండిని కావాలని పేల్చాలనుకున్నవాడు ముందు చెయ్యి పెట్టేది దాని మీదే. గాలి, పెట్రోలు లోపల అదిమిపట్టి ఉన్న సమయానికి సరిగ్గా నిప్పురవ్వ పడేట్టు పెట్టడమే టైమింగ్. మొదటి ప్లగ్గు విప్పి ఆ బొక్కకు బొటనవేలు అడ్డం పెట్టి, ఒక జవానును హ్యాండిల్ మెల్లగా తిప్పమన్నాను. గాలి వేలిని తన్నింది. ఇంజను చక్రం మీది గుర్తు తన చోటికి వచ్చింది, ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటరులో పాయింట్లు అప్పుడే విచ్చుకున్నాయి. వెంట్రుక వాసి తేడా లేదు. టైమింగును ఎవరూ ముట్టుకోలేదు.

అప్పుడు కనిపించింది. డిస్ట్రిబ్యూటరు నుంచి ప్లగ్గులకు పోయే నాలుగు వైర్లలో రెండోది మూడోదాని చోట, మూడోది రెండోదాని చోట ఉన్నాయి. అలా పెడితే కవాటం తెరుచుకుని ఉండగా రవ్వ పడుతుంది. మంట వెనక్కి తన్ని తుపాకీలా పేలుతుంది. నర్సయ్యకు చదువు రాదు. అందుకని వైర్లకు ఎర్రదారం కట్టుకున్నాడు, మొదటిదానికి ఒక ముడి, రెండోదానికి రెండు, అట్లా. వైర్లు మార్చడానికి నేను వంగినప్పుడు అతను చక్రం పక్కనుంచే గొంతు తగ్గించి అన్నాడు:

“మిస్త్రీ, రాత్రిపూట దొరనే గా వైర్లు పీక్కపోయి దిండు కింద పెట్టుకుంటడు. నేను బండి తోలుకపోయి సంఘంల కలుస్తనని ఆయన ఫికరు. పొద్దుగాల మళ్ల ఆయననే తగిలిస్తడు. నాకు ఎర్క లేదనుకుంటడు.”

మిస్ కొడుతుంటే ఆపి సరిచేసుకోవద్దా అని అడిగాను.

“ఎట్ల జేస్త? బానెట్ లేపితే, నువ్వు తప్పు పెట్టినవని దొరకు జెప్పినట్టే గదా. మిస్ కొడ్తాంది దొరా అని మాత్రం అన్న. సప్పుడు జేయక పోనియ్యి అన్నడు.”

నాకు ప్రాణం లేచి వచ్చింది. సాక్ష్యం చేతిలోనే ఉంది కదా అనుకున్నాను. ఆఫీసరు దగ్గరికి పోయి, బండిని ఎవరూ చెడగొట్టలేదు, రెండు వైర్లు తారుమారయ్యాయి అన్నాను. అవి వాటంతట అవే మారతాయా అని అడిగాడు. మారవు అన్నాను. అయితే ఒక చెయ్యి మార్చింది అన్నాడు. నర్సయ్య చెయ్యి కాదని ఎర్రదారం ముడులు చూపించాను. ఏది ఏదో అంత బాగా తెలిసినవాడు పొరపాటున మార్చడు గదా, కావాలనే మార్చాడు అన్నాడు ఆఫీసరు. నేను తెచ్చిన సాక్ష్యంతోనే నర్సయ్య మెడకు ఉరి బిగించాడు. ఇక దాచి లాభం లేదని రాత్రిపూట వైర్లు దొరగారే పీకుతారని చెప్పేశాను.

దొర చాయ్ గ్లాసు కింద పెట్టాడు. కోపం కూడా తెచ్చుకోలేదు.

“నేను బానెట్ లేపుతనా? మా ఇంట్ల నాకు చెంబు గూడ ఇంకొకలే అందిస్తరు.”

ఆఫీసరు నవ్వాడు. ఆయనకు అది చాలు. దొర అన్నవాడు తన చేత్తో పని చేయడని పై ప్రాంతంవాడికి కూడా తెలుసు. నర్సయ్య అప్పుడు దొర వైపు చూశాడు. తన తరఫున ఒక్క మాట అంటాడేమోనని చూశాడు. దొర వాచీకి కీ ఇచ్చుకుంటున్నాడు. నర్సయ్యను లారీ ఎక్కించారు.

తర్వాత అతని భార్య షెడ్డుకు వచ్చింది. బండి ఖరాబైతే మనిషినెందుకు పట్టుకపోయిన్రని అడిగింది. వకీలును పెట్టుకోమన్నాను, అది వాళ్లతో అయ్యే పని కాదని తెలిసీ. నర్సయ్య జైల్లోనే బంక విరేచనాలు పట్టుకుని చనిపోయాడు. శవాన్ని కూడా ఇవ్వలేదు.

ఎండలు ముదిరాక దొర నుంచి కబురు వచ్చింది. గడీలో కారు నీడన నిలబెట్టి ఉంది, కొత్త అద్దం వేయించారు. కొత్త డ్రైవరును ఏదో పని మీద బయటికి పంపి, దొర నన్ను దగ్గరికి పిలిచాడు.

“వైర్ల మీద నంబర్లు ఎయ్యి. రెండోది, మూడోది నాకు సమజైతలెవ్వు.”

ఎంత తేలిగ్గా అన్నాడని.

“గా పొద్దు ఆఫీసరుకు గీ ఒక్క మాట చెప్తే నర్సయ్య బతుకుతుండె దొరా” అన్నాను.

“చెప్తే నా ఇజ్జత్ ఏం గావాలెరా? డ్రైవర్లు మళ్ల దొరుకుతరు.”

రంగు తేలేదని చెప్పి వచ్చేశాను. ఆ బండిని మళ్లీ ముట్టలేదు. దానివల్ల దొరకు పోయిందేమీ లేదు, ఇంకో మిస్త్రీ వేసే ఉంటాడు.

మా పనిలో ఉస్తాదులు చెవి పెట్టి వినడం నేర్పుతారు, వేలు పెట్టి చూడడం నేర్పుతారు, జబ్బు ఏదో దాచకుండా చెప్పాలని నేర్పుతారు. అడిగేవాడు బండి కోసం అడుగుతున్నాడా, మనిషిని పట్టుకోవడం కోసం అడుగుతున్నాడా అన్నది ముందు చూసుకోవాలని మాత్రం నాకెవరూ చెప్పలేదు. నర్సయ్య పోయాక తెలిసింది.