లారీ కొందామని గాజువాక వెళ్ళాను

ఇరవై ఏళ్ళుగా పరాయి లారీ తోలుతున్నవాడికి సొంత లారీ మీద మనసు పడటం వింతేమీ కాదు. నాకు ఆ పిచ్చి పట్టి మూడేళ్ళయింది. మా ఆవిడ గౌరి విసిగిపోయి, "కొంటే కొను, మానితే మాను. నిద్దర్లో కలవరింతలు మాత్రం ఒగ్గియ్" అనేసింది. గాజువాకలో అప్పలనాయుడు అనే ఆయన మోకాళ్ళ నొప్పులు తాళలేక తన పది చక్రాల లారీ అమ్మేస్తున్నాడని తెలిసింది. ఔనో కాదో అక్కడే తేల్చుకుని రావాలని బయలుదేరాను.

ఉదయం ఆరున్నరకు చీపురుపల్లిలో పాసింజరు ఎక్కాను. ఎదుటి సీట్లో ఉక్కునగరంలోని కూతురింటికి వెళుతున్న పెద్దావిడ కూర్చుంది. ఒళ్ళో ములక్కాడల సంచి. నా సంగతంతా లాగేసి, "పాత బండైతే అద్దం కాడున్న దేవుడి పటం పట్టుకుపోనీకు బాబూ. బండితోపాటే ఇమ్మను" అని సలహా ఇచ్చింది. దిగేటప్పుడు నాలుగు ములక్కాడలు నా చేతిలో పెట్టింది కూడా.

తొమ్మిది దాటాక విశాఖ చేరాను. స్టేషన్ బయట బండి మీద ఇడ్లీ తిని సిటీ బస్సెక్కితే ముప్పావుగంటలో గాజువాక. అప్పలనాయుడు బస్టాపుకే వచ్చాడు. నాకంటే పదేళ్ళు పెద్ద, కుంటుతూ నడుస్తాడు. స్కూటర్ మీద నన్ను పోర్టు పక్కన లారీలు ఆగే యార్డుకు తీసుకెళ్ళాడు.

బండి చూశాను. స్టీరింగు పట్టుకున్నాను, ఇంజను చప్పుడు విన్నాను. ప్రాణం లేచొచ్చింది. వెంటనే బయానా తీయబోతే ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఇప్పుడొద్దు బావ. నా బండి కొంటానన్నోడు ఒక సీరియల్ నాతో కూకోవాల. ఆ తరవాతే బయానా."

సీరియల్ అంటే వరస. యార్డుకు వచ్చిన క్రమంలో లారీలకు నంబర్లిచ్చి, మైకులో పిలిచి లోడుకు పంపుతారు. పిలిచినప్పుడు బండి కదలకపోతే అంతే సంగతులు, మళ్ళీ తోకన చేరాలి. మాది నలభై ఒకటి. అప్పటికి ఇరవై తొమ్మిది నడుస్తోంది.

పన్నెండున్నరకు పక్కనే ఉన్న మెస్సులో చేపల పులుసుతో భోజనం. నూట ఇరవై. నన్ను ఇవ్వనివ్వలేదు. తిన్నాక, "మోకాళ్ళకి మాత్రలు తెచ్చుకుంటాను. నంబరు సూత్తండు బావ" అని వెళ్ళాడు. నేను క్యాబిన్‌లో నడుం వాల్చాను. కడుపు నిండుగా ఉంది, సముద్రం వైపు నుంచి గాలి. కునుకు ఎప్పుడు పట్టిందో తెలియదు.

లేచేసరికి మూడు దాటింది. మైకులో యాభై మూడు అంటున్నారు.

గబగబా దిగి చూస్తే అప్పలనాయుడు టీ కొట్టు బల్ల మీద కూర్చుని ఉన్నాడు. "పోయిందా బావ?" అన్నాను.

"పోయింది. ఇంక రేపే."

తల ఎత్తలేకపోయాను. తప్పయిపోయిందని బతిమాలుకుంటుంటే టీ కొట్టు ఆవిడ నవ్వింది. "పిలిసినప్పుడు నాయుడు ఇక్కడే ఉన్నాడు. నాను కేకేద్దామంటే నిన్ను లేపొద్దన్నాడు."

నాకు ముందు కోపమే వచ్చింది. "నాకు పరీచ్చేటి?" అన్నాను.

"పరీచ్చ కాదు బావ" అని టీ గ్లాసు నా వైపు జరిపాడు. "జీతానికి తోలినప్పుడు నాకూ ఇలాగే నిద్దర పట్టీది. బండి ఆగితే డ్రైవరుకి బత్తా వత్తాది, కునుకూ దొరుకుతాది. సొంత బండి కొన్నాక ఈ లైన్లో ఒక్క కునుకు తియ్యనేదు నాను. కొనొద్దని సెప్పను. నువ్వేటి ఒగ్గేసుకుంటన్నావో నీకు తెలవాల గదా."

"దానికోసం ఓ రోజు లోడు పోగొట్టుకుంటావా?"

"ఏటి సేత్తాను? నోటితో సెప్తే నమ్మవు. నాకు సెప్పినోళ్ళని నాను నమ్మనేదు."

టీ తాగుతూ లెక్కేసుకున్నాను. ఇరవై ఏళ్ళలో బండి ఆగిన ప్రతి రోజూ నేను హాయిగా పడుకున్నాను. ఆ పూటల్లో ఓనరు ఏం చేస్తుంటాడో ఒక్కసారైనా ఆలోచించలేదు. గ్లాసు కింద పెట్టి, "నాను కొనను బావ" అన్నాను. బేరం పోయిందన్న బాధ ఆయన ముఖంలో లేదు. మళ్ళీ స్కూటర్ తీసి బస్టాపు దాకా దింపాడు. "తరవాతొచ్చేవోణ్ణి కూడా ఇలాగే కూకోబెడతావా?" అని అడిగితే, "మరి కూకోబెట్టొద్దేటి?" అన్నాడు.

సాయంత్రం పాసింజరులో గౌరికి ఫోన్ చేసి కొనలేదని చెప్పాను. గొంతు అదోలా ఉందేమని అడిగింది. రైలు చప్పుడన్నాను. నిజానికి కళ్ళు తడిసిపోతున్నాయి. బండి పోయినందుకు కాదు.

లారీ కొందామనుకునేవాళ్ళు ఆ యార్డుకు వెళ్ళి ఒక సీరియల్ కూర్చుని చూడండి. కూర్చున్నాక కొనే ధైర్యం ఉంటే తప్పకుండా కొనండి. నా సర్వీసులో నంబరు రాగానే తట్టి లేపిన ఓనర్లనే చూశాను. నన్ను పడుకోనిచ్చి తన వరస పోగొట్టుకున్నవాడు అప్పలనాయుడొక్కడే.